ముప్పై అడుగులు

సైన్యం ఆయనకు ఇచ్చిన హోదా హెడ్ క్లర్కు. ఫిరంగి దళం మొత్తం కలిసి పెట్టిన పేరు మాత్రం సిరాబుడ్డి. పొట్టిగా, గుండ్రంగా, మెడ ఉందా లేదా అన్నట్టుండే మనిషి, పైగా చొక్కా జేబు మీద ఎప్పుడూ ఒక నీలి మరక. పేరు పెట్టినవాడెవడో గాని కళ్లున్నవాడే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన ఒక్క ఫిరంగి పేల్చింది లేదు. ఎక్కడో పేలినప్పుడల్లా ఆఫీసు కిటికీ అద్దాలు గజగజలాడితే, రాస్తున్న గీత వంకర పోకుండా చూసుకోవడం తప్ప వేరే యుద్ధవిద్య ఆయనకు రాదు. అయినా ఆ దళంలో ఎవరి ఛాతీ మీద పతకం వేలాడుతున్నా దాని వెనక ఆయన కలం ఉంది.

వీరత్వం చూపించడం ఒక ఎత్తు, దాన్ని పైవాళ్లకు ఎక్కేలా కాగితం మీద పెట్టడం ఇంకో ఎత్తు. పతకానికి సిఫారసు చేయడానికి ఒక ఫారం ఉంది. ఫారంలో ఒక గడి, గడిలో ఇరవై గీతలు. కొండను పిండి చేసినవాడైనా సరే ఆ ఇరవై గీతల్లో ఇమడాల్సిందే. కింద ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు సంతకం పెట్టాలి, వాళ్ల కింద దళం పెద్ద కల్నల్ గారు పెట్టాలి, అప్పుడది పతకాల బోర్డుకు వెళ్లాలి. బోర్డులో కూర్చున్న పెద్దమనుషులకు రోజుకు నలభై కాగితాలు వస్తాయట. నలభైలో తమ కాగితం మీద చూపు ఆగాలంటే ఏ మాటలు పడాలో సిరాబుడ్డికి కొట్టిన పిండి. ‘ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి’, ‘అణుమాత్రమైనా చలించక’, ‘అసమాన ధైర్యంతో’. ఇవన్నీ ఆయన సొరుగులోని ఒక పాత నోటుబుక్కులో వరసగా ఉంటాయి. పెళ్లిపత్రికలు అచ్చేసేవాడికి పేర్లు మారితే చాలు కదా, ఈయనదీ అదే వైనం.

ఇంటావిడ మాత్రం ఈ పనితనాన్ని ఏనాడూ మెచ్చుకోలేదు. ఆవిడ బళ్లో నాలుగో తరగతి టీచరమ్మ. పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ, అదే ఎర్ర పెన్నుతో ఆయన చిత్తుప్రతులకు కూడా పదికి ఇన్నని మార్కులు వేసేది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆరు దాటించిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో, సాధన కోసం ఫిరంగులు పేల్చే మైదానంలో ఒక సంగతి జరిగింది. మూడో నంబరు ఫిరంగికి ఏడుగురి జట్టు. జట్టుకు పెద్ద సార్జెంటు. గొట్టం పక్కన చిన్న పీట మీద కూర్చుని, అద్దానికి కన్ను ఆనించి గురి చూసేవాడు ఒకడున్నాడు. రెండో కన్ను మూసి మూసి మామూలప్పుడు కూడా అది సగం మూతపడే ఉండేది కాబట్టి అతణ్ణి ఒంటికన్ను అనేవారు. గుండును ఎత్తి గొట్టంలో పెట్టేవాడు గుండ్రాయి. నలభై కిలోల గుండును పసిపాపను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకునేవాడు. పదకొండేళ్లు ఫిరంగి పక్కన నిలబడి నిలబడి అతని చెవులు ముప్పాతిక పోయాయి.

ఆ మధ్యాహ్నం పన్నెండో గుండు పేలగానే గొట్టం మూతి దగ్గర లేచిన మంట, ఫిరంగిని కప్పి ఉంచే ముసుగు వలకు అంటుకుంది. ఎండకు పుల్లలా ఎండిన వల. చూస్తుండగానే మంట వెనక్కి పాకి, గుండ్లను పేల్చే మందు సంచులు పేర్చిన చోట పైన వేలాడింది. ఆ సంచులు అంటుకుంటే ఫిరంగీ ఉండదు, జట్టూ ఉండదు. సార్జెంటు “పరిగెత్తండి!” అని పెట్టిన కేక చెవిటివాడికి కూడా వినపడింది. అందరూ కాళ్లకు బుద్ధి చెప్పారు, ఒంటికన్ను తప్ప. చెవులకు చప్పుడు ఆపే దట్టమైన డిప్పలు, కంటికి అద్దం, లోకం తగలబడినా తెలియని కొలువు అతనిది. అప్పుడు గుండ్రాయి వచ్చి, అతణ్ణి చొక్కా పట్టి పీట మీంచి లాగి అవతలికి విసిరేసి, మండుతున్న వలను ఉత్త చేతులతో గుంజి సంచులకు దూరంగా ఈడ్చుకుపోయాడు. అరచేతులు రెండూ కాలాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

మర్నాడు కల్నల్ గారు పిలిచి, “పెద్దాయనా, గుండ్రాయికి పతకం రావాలి. ఎలా రాస్తారో రాయండి” అన్నారు. సిరాబుడ్డి గంటలో రాసేశాడు. ‘జ్వాలలు చుట్టుముట్టినా అణుమాత్రమైనా చలించక, తన స్థానంలోనే నిలబడి, ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి’ అంటూ గడి నిండింది. సాయంత్రం ఇంట్లో చిత్తుప్రతి చదివి టీచరమ్మ అయిదు వేసింది.

“ఇందులో మనిషేడండీ?” అంది.

“మనిషెందుకే, వీరుడున్నాడుగా?”

“ఆ వీరుణ్ణి నేను గుర్తుపట్టలేను. రేపు బజార్లో ఎదురైతే ఎలా పలకరించను?”

“నువ్వు పలకరించడానికి కాదు, బోర్డు వాళ్లు పతకం ఇవ్వడానికి రాసింది” అని ఆయన కాగితం లాక్కున్నాడు.

పంపేముందు పుట్టినతేదీ, సర్వీసు నంబరు సరిచూసుకోవాలని గుండ్రాయిని ఆఫీసుకు పిలిపించాడు. రెండు చేతులకూ కట్లతో వచ్చాడతను. తేదీ అయింది, నంబరు అయింది. అతను కదల్లేదు.

“ఏం రాశారు సార్?”

“అది రహస్యం, నాయనా. చెప్పకూడదు.”

“నా గురించేగా సార్?”

ఆ మాటకు జవాబు ఏ రూలు పుస్తకంలోనూ లేదు. కాగితం చేతికిద్దామంటే చేతులకు కట్లు. సరేనని సిరాబుడ్డి గొంతు తగ్గించి చదవబోయాడు. “ఆఁ?” అన్నాడు గుండ్రాయి. కొంచెం పెంచాడు. “ఆఁ సార్?” అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ రోజు సిరాబుడ్డికి స్వానుభవమైంది. చివరికి, ‘రహస్యం’ అని ఎర్రటి ముద్ర పడిన కాగితాన్ని ఆఫీసు పైకప్పు లేచిపోయేలా చదవడం మొదలుపెట్టాడు. సెలవు చీటీల కోసం మూడో ఫిరంగి జట్టు అప్పుడే బయట వరండాలో నిలబడి ఉందన్న సంగతి ఆయన ఎరగడు.

‘అణుమాత్రమైనా చలించక, తన స్థానంలోనే నిలబడి’ దగ్గరికి వచ్చేసరికి వరండాలో ఎవడో ఫక్కున నవ్వాడు. వెంటనే ఎవరో వాడి నోరు మూసినట్టున్నారు. గుండ్రాయికి నవ్వు వినపడలేదు గాని, సిరాబుడ్డి కళ్లు తలుపు వైపు తిరగడం కనపడింది. అతనూ తిరిగి చూశాడు. జట్టంతా తలలు దించుకుని గోడకు అతుక్కుని ఉంది.

“సార్, నేను నిలబడలేదు” అన్నాడు గుండ్రాయి. “పారిపోయాను. అందరితో పాటే పారిపోయాను. ముప్పై అడుగులు.”

“ముప్పై అని నీకెలా తెలుసు?”

“తర్వాత వెళ్లి కొలిచాను సార్.”

సిరాబుడ్డి కాగితం బల్ల మీద పెట్టాడు. “మరి ఎందుకు ఆగావు?”

“ఆయాసం వచ్చింది సార్. ఊపిరి తీసుకుందామని ఆగి వెనక్కి చూస్తే, వాడింకా పీట మీదే కూర్చున్నాడు.”

“అదంతా ఎవరడిగారయ్యా! వెనక్కి వచ్చావు కదా, అది చాలు. రాసింది రాయనీ.”

గుండ్రాయి తల అడ్డంగా ఊపాడు. “ఈ కాగితం మైదానంలో అందరి ముందూ చదువుతారు. మా జట్టు నా వెనకే నిలబడి వింటుంది. వాళ్లకు తెలుసు కదా సార్. ఆ పతకం పెట్టుకుని, ఆ మధ్యాహ్నం వాళ్లతో ఒకే బల్ల మీద ఎలా భోంచేయను? వద్దు సార్. అలా అయితే వద్దు.”

పతకం వద్దన్నవాణ్ణి సిరాబుడ్డి తన సర్వీసులో చూడలేదు. కోపం వచ్చింది. ఆ కోపం అడుగున ఉన్నది భయమని ఆయనకే తెలుసు. పదిహేనేళ్ల కిందట ఆయన ఒకసారి నిజం రాశాడు. గాయపడ్డ నలుగుర్ని లారీలో వేసుకుని, గుండ్లు పడుతున్న దారిలోంచి ఆస్పత్రికి చేర్చిన డ్రైవరు గురించి, ‘దారి పొడుగునా ఏడుస్తూనే బండి నడిపాడు’ అని రాశాడు. ఆ వాక్యం రాసుకుని ఎంతో మురిసిపోయాడు కూడా. ‘ఇటువంటి వివరములు శౌర్యమునకు తగవు’ అని ఎర్ర సిరాతో రాసి బోర్డు కాగితం తిప్పి కొట్టింది. డ్రైవరుకు ఏమీ రాలేదు. అడిగితే “పర్లేదు సార్” అన్నాడు. ఆ ‘పర్లేదు’ ముల్లులా దిగబడి ఉండిపోయింది. నోటుబుక్కు పుట్టింది ఆ తర్వాతే. అందంగా లేకపోతే పోయె, దాని పుణ్యమా అని పతకాలైతే వచ్చాయి. ఇప్పుడు మళ్లీ పప్పులో కాలేసి ఇంకొకడి నోటి దగ్గరిది లాగేయాలా?

ఇంటికి వచ్చి ఇదంతా టీచరమ్మకు చెప్పాడు. ఆవిడ పెన్నుకు మూత పెట్టి పూర్తిగా విన్నది.

“మీరు రాసినవి ఎన్ని చదివానో లెక్కలేదు. ఒక్కటీ గుర్తు లేదు. ఆ డ్రైవరు ఏడ్చింది మాత్రం గుర్తుంది” అంది.

“నీకు గుర్తుంటే ఏం లాభం? వాడికి పతకం రాలేదుగా.”

“రాలేదు. అది మీ తప్పని నేననను, కాదనీ అనను. కానీ ఈ అబ్బాయి వద్దంటున్నాడు కదండీ. అతనిది అతనికి ఉంచండి.”

మర్నాడు సిరాబుడ్డి సొరుగు తెరవలేదు. కొత్త ఫారం తీసి ఇలా రాశాడు: ‘మంటను చూసి, సార్జెంటు కేకతో జట్టు వెనక్కి పరుగెత్తింది. ఇతనూ వాళ్లతో పాటు ముప్పై అడుగులు పరుగెత్తాడు. అక్కడ ఆగి చూస్తే, గురి చూసే సైనికుడు ఇంకా పీట మీదే ఉన్నాడు. ఇతనికి భయం వేసింది. ఒక్కడే వెనక్కి వెళ్లాడు.’ ఆ కింద మనిషిని లాగింది, వలను ఈడ్చింది కూడా ఉన్నదున్నట్టే రాశాడు. ఆయాసం సంగతి కూడా రాయమని గుండ్రాయి పట్టుబట్టాడు. “అదొక్కటీ వదిలెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది” అని బతిమాలుకుంటే ఒప్పుకున్నాడు.

చిక్కంతా సాక్షుల దగ్గర వచ్చింది. ఈ కాగితం మీద సంతకం పెట్టడమంటే, తామూ పరుగెత్తామని, తిరిగి రాలేదని తమ చేత్తో ఒప్పుకోవడమే. ఒంటికన్ను సంతోషంగా పెట్టేవాడే గాని, అతను చూసింది లేదు. చొక్కా పట్టి ఎవరో లాగేదాకా మంట సంగతే తెలియనివాడు ప్రత్యక్ష సాక్షి ఎలా అవుతాడు? సార్జెంటును పిలిపించి కాగితం ముందు పెట్టి, సిరాబుడ్డి కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. సార్జెంటు రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“వాడు ముప్పై అడుగులే గురువుగారూ. నేను కందకం దాకా పోయాను. నాది రాయలేదేం?”

“నీకు పతకం అడగట్లేదుగా.”

సార్జెంటు పెద్దగా నవ్వి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాడు. బయటికెళ్లి జట్టులోంచి ఇంకొకణ్ణి తనే తీసుకొచ్చి, “పెట్టరా, మనం పరిగెత్తింది అబద్ధమా?” అని రెండో సంతకం పెట్టించాడు. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో సార్జెంటు మాట గట్టిగా వినపడితే సిరాబుడ్డి విసుక్కోవడం మానేశాడు.

మూడు వారాలకు బోర్డు నుంచి జాబు వచ్చింది. తిరస్కరించలేదు. ‘ముప్పై అడుగులు పరుగెత్తాడు’, ‘భయం వేసింది’ అనే రెండు వాక్యాలను తొలగించి పంపినచో పతకమునకు అంగీకరించబడును, అని ఉంది. చేతికందే ఎత్తులో పండు పెట్టినట్టు పెట్టారు. కల్నల్ గారు సంబరపడ్డారు.

“కొట్టేయండి పెద్దాయనా, రెండు వాక్యాలేగా! మిగతాదంతా నిజమే కదా?”

నిజమే. అబద్ధం ఒక్కటీ చేర్చనక్కర్లేదు. స్కేలు పెట్టి రెండు గీతలు గీసి పక్కన పొట్టి సంతకం చేస్తే గుండ్రాయి ఛాతీ మీద పతకం. సిరాబుడ్డి స్కేలు తీశాడు. మళ్లీ కింద పెట్టాడు. “ఒక్క పూట టైమివ్వండి సార్” అని ఫైలు చంకన పెట్టుకుని ఫిరంగుల షెడ్డుకు నడిచాడు.

గుండ్రాయి కట్లు విప్పేశారు. అరచేతులు కొత్త చర్మంతో లేతగా, ఎవరివో చేతులు తెచ్చి అతికించినట్టున్నాయి. పొడుగాటి బ్రష్షుతో గొట్టం లోపల తుడుస్తున్నాడు. సిరాబుడ్డి అతని చెవి దగ్గరికెళ్లి విషయం చెప్పాడు. రెండు వాక్యాలు తీసేస్తే పతకం వస్తుందని, లేకపోతే రాదని, డ్రైవరు కథతో సహా చెప్పాడు. గుండ్రాయి బ్రష్షు గోడకు ఆనించాడు.

“అది తీసేస్తే నేను ఎక్కణ్ణుంచి వెనక్కొచ్చినట్టు సార్?”

సిరాబుడ్డి ఫైలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“పోయేటప్పుడు నేనేం చేయలేదు సార్. కాళ్లే తీసుకుపోయాయి. తిరిగి రావడానికే నేను కావాల్సొచ్చింది. ఆ ముప్పై అడుగులూ రావడం ఎంత కష్టమైందో నాకు తెలుసు. అది కాగితంలో లేకపోతే, మిగతాది ఎవరైనా చేసేదే.” బ్రష్షు మళ్లీ అందుకుని, “పతకం మా ఆవిడకు ఇష్టమే అనుకోండి. అయినా సరే సార్” అన్నాడు.

సిరాబుడ్డి తిరిగి వచ్చి బోర్డుకు జాబు రాశాడు. ‘ఈ రెండు వాక్యాలు తొలగిస్తే ఈ సైనికుడు చేసిన పని ఏమిటో చెప్పడం సాధ్యం కాదు. కాగితాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి పంపుతున్నాము.’ కల్నల్ గారు కలం పట్టుకుని, “పోతుంది, తెలుసా?” అన్నారు. “తెలుసండి” అన్నాడు. ఆయన సంతకం చేశారు.

అన్నట్టే పోయింది. నాలుగు వారాలకు ‘తిరస్కరించడమైనది’ అని ఒక ముక్క వచ్చింది. సిరాబుడ్డి ఆ పూట భోజనం ముట్టలేదు. డ్రైవరు ఒకడు చాలడా, ఇప్పుడు ఇంకొకడు. తన ముచ్చట కోసం కాదు కదా ఇదంతా చేసింది అని తనను తాను నిలదీసుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం కల్నల్ గారే ఆయన గదికి వచ్చారు.

“పతకం నా చేతిలో లేదు పెద్దాయనా. ప్రశంసాపత్రం నా చేతిలో ఉంది. మైదానంలోనే ఇస్తాను. చదవడానికి మీరు రాసిందే ఇవ్వండి, ఒక్క అక్షరం మార్చొద్దు.”

ప్రశంసాపత్రమంటే ఒక దళసరి కాగితం, అంతే. ఛాతీ మీద పెట్టుకోవడానికి ఉండదు.

కాగితాలు చదివే రోజున సిరాబుడ్డి ఎప్పుడూ మైదానానికి పోయేవాడు కాదు. తన మాటలు తన చెవిన పడితే ఒళ్లు జలదరిస్తుందని ఆయన భయం. ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి కుటుంబాలు కూర్చునే టెంటు పక్కన నిలబడ్డాడు. టీచరమ్మ కూడా బడికి సెలవు పెట్టి వచ్చింది. ఒక కుర్ర ఆఫీసరు మైకులో చదివాడు. ‘ఇతనూ వాళ్లతో పాటు ముప్పై అడుగులు పరుగెత్తాడు.’ ఎవరూ నవ్వలేదు. ‘ఇతనికి భయం వేసింది. ఒక్కడే వెనక్కి వెళ్లాడు.’ సార్జెంటు గడ్డం పైకెత్తి నిటారుగా నిలబడ్డాడు. ఒంటికన్నుకు రెండు కళ్లూ మూతపడ్డాయి. ముందు నిలబడ్డ గుండ్రాయికి ఒక్క మాటా వినపడి ఉండదు. ఏం చదువుతున్నారో తెలుసు గనక నిశ్చింతగా నిలబడ్డాడు.

అయిపోయాక, గుండ్రాయి భార్య చంటిపిల్లను ఎత్తుకుని సిరాబుడ్డి దగ్గరికి వచ్చింది. ఆయనకు ఆ అమ్మాయి మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

“నా మీద కోపం పెట్టుకోకమ్మా. రెండు వాక్యాలు కొట్టేసి ఉంటే మీ ఆయనకు పతకం వచ్చేది. నా చేత్తోనే పోగొట్టాను.”

“కోపమెందుకు బాబాయిగారూ?” అంది. “అప్పట్నుంచీ నిద్రలో లేచి కూర్చుంటున్నారు. చేతులు నొప్పా అంటే కాదంటారు. ఏమైందంటే ఏం లేదంటారు. అందరూ వీరుడు వీరుడు అంటుంటే, వీరుణ్ణి ఇంకేం అడుగుతాను? పక్కనే పడుకుని చూస్తూ ఉండేదాన్ని. భయపడ్డారని ఇవాళే తెలిసింది. మైకులో చదివితే తెలిసింది.”

పిల్లను టీచరమ్మ చేతుల్లో పెట్టి, ఆ అమ్మాయి మైదానంలోకి నడిచింది. జట్టంతా గుండ్రాయి చుట్టూ మూగి వీపు చరుస్తోంది. ఆమెను చూసి దారిచ్చారు. ఆమె మునివేళ్ల మీద లేచి అతని చెవి దగ్గర ఏదో చెప్పింది. అతను “ఆఁ?” అన్నాడు. మళ్లీ చెప్పింది. “ఆఁ?” అన్నాడు. అప్పుడు ఆమె సిగ్గూ బిడియం వదిలేసి, అతని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, దళమంతా వినేలా అరిచింది.

“నాకూ భయమేసింది!”

గుండ్రాయికి వినపడింది.